ఇనప పెనం, కరెంటు పెనం

మాది ఉరవకొండలో పాత్రల అంగడి. స్టీలు బిందెలు, కుక్కర్లు, మిక్సీలు, పెనాలు అమ్ముతాం. గల్లాపెట్టె కాడ కూర్చునేది నేనే. "అక్కా, కరెంటు పెనం మంచిదా, పొయ్యి మీద పెట్టే ఇనప పెనం మంచిదా?" అని అడగని ఆడమనిషి ఈమధ్య లేదు. ముందైతే గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని. ఇప్పుడా మాట అడిగితే, "రెండూ ఉండాయి, చూసుకోమ్మా" అని మొగం పక్కకు తిప్పుకుంటా. వచ్చినోళ్లు "ఏం పొగరప్పా ఈమెకు" అనుకుంటాండారేమో. అనుకోనీ, నాకేం.

ఇదంతా మా బావ గురించి. మేనత్త కొడుకు, నా మొగుడు. పెండ్లయినాక "ఏమండీ" అని పిలవమని మా అమ్మ ఎంత నేర్పిచ్చినా నాకు నోరు తిరగలేదు. చిన్నప్పటి నుంచీ బావ, ఎప్పటికీ బావనే.

అంగడికి ముందు మాది చెనిక్కాయల మిల్లు. రైతులు తెచ్చిన కాయలు మిషన్లో ఒలిచి విత్తనాలు చేసిచ్చేవాళ్లం. మిల్లు తిరిగేటప్పుడు ఆ పొట్టూ ఆ దుమ్మూ, ఎదురుగా ఉన్న మనిషి కనపడడు. మా బావ మూతికి తువ్వాల కట్టుకునేవాడు, అదీ గుర్తొస్తేనే. కట్టుకో బావా అని నేను మొత్తుకుంటే, "దుమ్ము తినకుండా దుడ్లు యాడొస్తాయే" అని నవ్వేవాడు. వానలు మొగం చాటేసి, కాయలు తెచ్చే రైతే లేకపోయినాక మిల్లు మూసేసి ఈ అంగడి పెట్టినాం. మిల్లయితే మూతపడింది గానీ, ఆ దుమ్ము మాత్రం ఆయన లోపల్నే కూర్చున్న సంగతి మాకు చానా ఏండ్లకు తెలిసింది.

అంగట్లో మేమిద్దరం పెనాల మీద కొట్లాడేవాళ్లం, అదీ కొనేవాళ్ల ముందరే. నాకు కరెంటు పెనమంటే మోజు. తీగ తగిలిస్తే చాలు, ఎంత వేడి కావాలంటే అంతకు తిప్పుకోవచ్చు, దోసె అంటుకోదు, పొయ్యి కాడ నిలబడి మొగమంతా మాడ్చుకునే పని లేదు. మా బావకు దాన్ని చూస్తేనే ఒళ్లు మంట.

"ఇస్త్రీపెట్టె తిరగేసినట్ల ఉండాది. దానిమీద రొట్టె కాల్చుకుంటావా తల్లీ, చొక్కా ఇస్త్రీ చేసుకుంటావా?" అని కొనొచ్చిన పిల్లను అడిగేవాడు.

"నీ ఇనప పెనం ఎత్తితే చెయ్యి ఊడిపోతాది. అది వంటకా, దొంగల్ని కొట్టనీకా?" అని నేనందుకునేదాన్ని.

"కరెంటు పోతే ఏం చేస్తావే?"

"గ్యాసయిపోతే నువ్వేం చేస్తావు?"

"కట్టెలు పెట్టుకుంటా. ఇనుముకు మంటుంటే చాలు, ఎవరు పెట్టినారని అడగదు."

వచ్చినామె నవ్వి నవ్వి ఏదో ఒకటి కొనుక్కుని పోయేది. కొందరు ఏమీ కొనకుండా మా కొట్లాట చూసేదానికే వచ్చేవాళ్లని నా అనుమానం. ఇంటికొస్తే మాత్రం ఆయన మాటే చెల్లేది. మా ఇంట్లో ఇనప పెనమే. అది మా అత్త కాలంది, నూనె తాగి తాగి నల్లగా నిగనిగలాడతాంటుంది. దానిమీద నేను చేసేది జొన్నరొట్టె. వేడినీళ్లతో పిండి కలిపి, అరచేత్తో తట్టి తట్టి పలచగా చేసి, పెనం మీదేసి, పైన తడిగుడ్డతో ఒక్కసారి తుడిచి, తిప్పి, ఆఖర్న పెనం పక్కకు జరిపి మంటమీద పెడితే బుసబుసా పొంగుతుంది. అట్ల పొంగినదాన్ని మా బావ ఊరిబిండితో, అదే మా చెనిక్కాయల పచ్చడితో, వేళ్లు కాలతాంటే ఊదుకుంటా తినేవాడు. పొంగలేదంటే తినేవాడే గానీ, తింటా నన్ను సతాయించేవాడు.

ఆయనకు ఆయాసం మొదలైంది. ముందు మెట్లెక్కితే, తర్వాత నడిస్తే, ఆ తర్వాత ఊరక కూర్చున్నా. అనంతపురం ఆస్పత్రిలో చూపిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోయినాయి, వెనక్కు రావు అన్నారు. ఇంట్లో గాలి మిషను పెట్టుకోమన్నారు. కరెంటుతో నడిచే మిషను, ముక్కుకు రెండు సన్నని గొట్టాలు. కరెంటు పోతే వాడుకునేదానికి పక్కనే ఒక ఆక్సిజను సిలిండరు.

ఇంటికి పంపించే ముందు ఆ డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి రెండు మాటలు చెప్పింది.

"ఆయన దగ్గర మంట పెట్టకూడదమ్మా. అగ్గిపుల్ల గూడా గీయకూడదు. ఆ గాలికి నిప్పు తగిలిందంటే మంచంతో సహా అంటుకుంటుంది."

ఇంకో మాట, "తినిపించు. ఈ రోగానికి మందుకంటే తిండే బలం. తిన్నన్నాళ్లు ఉంటాడు."

ఈ రెండు మాటలు ఒకదాని మెడ ఒకటి పట్టుకుంటాయని ఆమెకేం తెలుసు పాపం. మాది అంగడి వెనకాల ఇల్లు. ఒక నడిమిల్లు, దానికానుకోని వంటిల్లు, మధ్యలో తలుపు గూడా లేదు. మంచం వేసేదానికి నడిమింట్లో తప్ప ఇంక యాడా చోటు లేదు. మంచం మీద నుంచి చూస్తే పొయ్యే కనపడేది. అన్నం తింటే ఆయనకు కడుపుబ్బరించి ఆయాసం జాస్తి అయ్యేది. రెండు ముద్దలకే పళ్లెం తోసేసేవాడు. లోపలికి పోయేది ఒక్క జొన్నరొట్టే.

సరే, కరెంటు పెనం ఇంటికి తెచ్చినా. మా అంగట్లోదే, అన్నిటికన్నా పెద్దది. అన్నానికి కరెంటు కుక్కరు. కూరా చారూ మా వదినె చేసి పంపించేది. బావకు అక్క, మా వీధిలోనే చివరిల్లు. రొట్టె గూడా నేనే చేసి పంపిస్తాలేవే అంది గానీ, జొన్నరొట్టె వీధి దాటేలోపల అట్టముక్క అయిపోతుంది. చేసినచోట తినాల్సిందే.

గ్యాసు సిలిండరు పెరట్లోకి జరిపించినా. పొయ్యి గట్టుకు బిగించింది, ఊడిరాదు; పెరట్లో కట్టెలు పెడదామంటే పొగంతా ఆయన మంచం మీదికే కొడతాది. ఇనప పెనం దించి, కడిగి, తుడిచి, గోడకు ఆనిచ్చి పెట్టినా. పొయ్యి బోసిగా ఉంటే ఉండనీ అనుకున్నా. కరెంటు పెనం గట్టుమీద పెట్టి, తీగ తగిలిచ్చి, రొట్టె తట్టబోతాంటే ఎనకనుంచి ఆయన గొంతు వినపడె.

"ఏమే. అప్పుడే దించేసినావా పెనం?"

నాకు ముందు అర్థం కాలేదు. తిరిగి చూస్తే ఆయన బోసిపోయిన పొయ్యి పక్కే చూస్తాండాడు. మొగంలో నవ్వు లేదు.

"నేనింకా పోలేదు కదమే" అన్నాడు.

అప్పుడు తెలిసొచ్చింది నాకు. మా ఇండ్లల్లో చావు జరిగితే పొయ్యిమీద నుంచి పెనం దించేస్తారు. దినాలు అయ్యేదాకా మళ్లీ ఎక్కించరు. తాళింపు వెయ్యరు, దోసెలు పొయ్యరు, రొట్టెలు కాల్చరు. ఇరుగుపొరుగోళ్లు తెచ్చిందే తినాల. ఏ ఇంట్లోకన్నా పోయి పొయ్యిమీద పెనం లేదంటే అడగాల్సిన పని లేదు, తెలిసిపోతుంది. అట్లాంటిది, మొగుడు బతికుండంగా ఆయన కండ్లముందరే నేను పెనం దించి గోడకానిచ్చినా. భద్రం భద్రం అనుకుంటా చేసిన పని. మెదడు యాడ పెట్టినానో!

"థూ, నీ నోట్లో మన్ను బడ! ఏం మాటలు బావా అవి!" అని అరిచేసినా. రోగిష్టిమనిషని గూడా చూడలేదు. ఏడుపొచ్చినప్పుడు నేను అరుస్తా, అది నా బుద్ధి. ఆయన ఊరకనే గోడ పక్క తిరిగి పండుకున్నాడు. కరెంటు పెనం మీద చేసిన రొట్టె ఆ పూట ముట్టలేదు. మరసటి దినం గూడా ముట్టలేదు. వదినె వచ్చి బతిమలాడింది, తిట్టింది. "ఆకలి లేదక్కా" అనేది తప్ప ఇంకో మాట లేదు. తిన్నన్నాళ్లు ఉంటాడని డాక్టరమ్మ చెప్పిన మాట నా చెవుల్లో గిర్రున తిరుగుతాండె.

ఏం చేయాల? ఇనప పెనం ఎత్తి మళ్లీ పొయ్యిమీద పెట్టినా. గ్యాసు లేని పొయ్యి, మంట లేని పెనం. ఉత్తుత్తిదే. దానికి ఎప్పటి మాదిరే నూనె రాసి, మెరిపిచ్చి పెట్టినా. పక్కన కరెంటు పెనం మీద రొట్టె కాల్చినా. పళ్లెంలో పెట్టుకొచ్చి మంచం కాడ కూర్చున్నా.

ఆయన పొయ్యి పక్క చూసినాడు. నా పక్క చూసినాడు. "చానా తెలివిగల్లదానివే నువ్వు" అన్నాడు. తుంచుకోని నోట్లో పెట్టుకున్నాడు. నాకు పోయిన పానం తిరిగొచ్చినట్లయింది.

"ఎట్లుండాది?" అనడిగినా.

"ఇస్త్రీ చేసిన గుడ్డ మాదిరుండాది" అన్నాడు. అయినా సగం తిన్నాడు.

ఆ దినం నుంచి దినామూ అదే ఆట. కరెంటు పెనం మీద జొన్నరొట్టె పొంగదు. ఎంత తిప్పినా దానికి మంట యాడిది? వేడెక్కినాక ఎర్రలైటు దానంతట అదే ఆరిపోతుంది, మళ్లీ వెలిగేలోపల రొట్టె బిర్రబిగిసిపోతుంది. కర్చీఫ్‌తో ఒత్తి చూసినా, మూత పెట్టి చూసినా. అంగట్లో ఊదరగొట్టి అమ్మినదాన్ని నేనే దినామూ తిట్టుకునేదాన్ని. మా బావకు అది చూస్తే కులాసా. "చూడమ్మా, మా అంగడామె సరుకు నాణ్యం" అని లేని గిరాకీతో మాట్లాడేవాడు. నవ్వితే దగ్గొచ్చేది, దగ్గొస్తే మొగం నల్లబడేది. నవ్వొద్దు బావా, నవ్వొద్దు అని నేను వీపు రాసేదాన్ని. అయినా తినేవాడు. సగమో, పావో. నాకు అదే పండగ.

ఒక్కసారి మాత్రం అడిగినాడు. "మంటమీద ఒక్కటి కాల్చివ్వవే. ఈ గొట్టాలు కాసేపు తీసేస్తాలే."

"గొట్టం తీసేస్తే నువ్వుండవు, తియ్యకపోతే ఇల్లుండదు. ఏది కావాల?" అన్నా.

"సరేలే, నీ ఇస్త్రీ గుడ్డే తెచ్చియ్యి."

ఆషాఢం వచ్చింది. మా ఊళ్లో ఆషాఢం గాలంటే తెలిసినోళ్లకే తెలుసు. మనిషి నిలబడలేడు, రేకులు లేచిపోతాయి, ఇంట్లో యాడ చూసినా మన్నే. ఊరి చుట్టూ గాలితో కరెంటు చేసే మరలు గిరగిరా తిరుగుతాంటాయి. మా ఇంటికి మాత్రం గాలొచ్చిందంటే కరెంటు పోతుంది! ఎవరికి చెప్పుకోవాల ఈ సంబడం?

ఆ దినం పొద్దున లేచినప్పటి నుంచీ ఆయన మొగం తేటగా ఉండె. చానా దినాల తర్వాత తానే అడిగినాడు, "ఆకలైతాందే. రొట్టె చెయ్యి" అని. నాకు కాళ్లు నేలమీద నిలబడలేదు. ఆకలి! ఆ మాట ఆయన నోట్లోంచి విని ఎన్నాళ్లయిందో. కేటిల్‌లో నీళ్లు కాచి పిండి కలిపినా. మొదటి రొట్టె తట్టినా. కరెంటు పెనం ఎర్రలైటు వెలిగింది, ఆరిపోయింది. ఫ్యాను నిలబడిపోయింది. మిషను కూయ్ మని అరిచి ఆగిపోయింది.

కరెంటు పోయింది.

పరిగెత్తి గొట్టాలు సిలిండరుకు మార్చినా. ఆయన రెండు నిమిషాలు ఎగబీల్చి, తర్వాత కుదురుకున్నాడు. వీధిలో స్తంభం వంగిపోయిందంట, లైనుమ్యాను వస్తాండాడంట అని పక్కింటాయన గోడమీద నుంచి చెప్పె. వదినె ఆ పొద్దు కణేకల్లుకు పెండ్లికి పోయుండె. ఆమె ఇంటికి తాళం. ఈయన్ను ఒక్కణ్ని వదిలి వేరే ఇంటికి పోయేదానికి నాకు ధైర్యం చాల్లేదు.

"వస్తాది బావా కరెంటు, వచ్చేస్తాది" అన్నా.

"ఆకలైతాందే" అన్నాడు.

పొగొస్తే రానీ అని పెరట్లోకి పోయినా. రెండు ఇటుకలు నిలబెట్టి, కట్టెపుల్లలు పెట్టి, అగ్గిపుల్ల గీస్తే గాలి ఆర్పేసె. ఇంకోటి గీస్తే అదీ ఆరిపోయె. కొంగు అడ్డం పెట్టి గీసినా. ఎట్లనో అంటుకుంది. ఇనప పెనం తెచ్చిపెట్టి, తట్టిన రొట్టె దానిమీదేసినా. ఒక పెద్ద గాలి వచ్చె, మంటనంతా అడ్డంగా ఊడ్చేసె. రొట్టెమీద గుప్పెడు మన్ను పడె. పిండి మన్నూ కలిసి బురదయిపాయె. దాన్ని గీరి పారేసి రెండోది తట్టినా. దానికీ అదే గతి. నేను గాలిని తిట్టినా. మరల్ని తిట్టినా. స్తంభాన్ని, లైనుమ్యాన్ని, పెండ్లికి పోయిన వదినెను, అందర్నీ తిట్టినా.

లోపల్నుంచి పిలిచినాడు. "మే, ఊరకుండు. కరెంటు రానీలే. ఈడికొచ్చి కూర్చో."

పెనం తుడిచి మళ్లీ పొయ్యిమీద పెట్టి, పోయి కూర్చున్నా. చేతులకు పిండి అట్లనే ఉండాది. నా చెయ్యి తీసుకోని వాసన చూసినాడు. జొన్నపిండి వాసన. "బెల్లం ముక్కన్నా పెట్టనా బావా, పాలు తాగుతావా?" అంటే తల అడ్డంగా ఊపినాడు. "రొట్టే తింటా. ఉంటాలే" అన్నాడు.

ఉంటాలే అన్నాడు. ఉండలేదు.

మధ్యాన్నం దాటేలోపల ఊపిరి తగ్గిపోయింది. పక్కింటాయనే అంబులెన్సు పిలిచినాడు. నేను గూడా ఎక్కినా. అనంతపురం ఇంకా రాలేదు, దోవలోనే ఆయన కండ్లు తేలేసినాడు. నేను మాత్రం చెవికాడ నోరు పెట్టి, "కరెంటొచ్చింటాది బావా, ఇంటికి పోయి రొట్టె చేస్తా" అని చెప్తానే ఉండా. విన్నాడో లేదో.

ఇందులో తప్పు ఎవరిదప్పా? డాక్టరమ్మ చెప్పింది నిజమే. నేను చేసిందీ తప్పు కాదు. సిలిండరు పక్కన మంట పెట్టింటే ఇద్దరం కాలిపోయేవాళ్లం. అందరూ అదే అంటారు, నువ్వు చేయగలిగినంతా చేసినావమ్మా అని. ఆ మాట నాకు ఊరట కాదు, కారం. తిట్టుకునేదానికైనా ఒకరు లేకపాయె నాకు. ఊరందరికీ పెనాలమ్మినాం. ఇంటినిండా పెనాలే. మా బావ ఆకలితో పోయినాడు.

పెనం దించేసినారు. ఈసారి నేను దించలేదు, ఎవరో దించినారు. వదినె పెండ్లినుంచి అట్లనే ఏడ్చుకుంటా వచ్చి, తమ్ముని మంచం పట్టుకోని పడిపోయింది.

మూడోనాడు కాకికి పెట్టేది. పోయినాయనకు ఏమిష్టమో అవన్నీ విస్తట్లో పెట్టాల. చుట్టాలాడోళ్లు ఎవరింట్లోనో వండి తెచ్చినారు. పాయసం, వడలు, అన్నం, పప్పు. "ఇంకేమన్నా ఇష్టమామ్మా ఆయనకు?" అని ఒకామె అడిగింది.

"జొన్నరొట్టె" అన్నా.

వదినే దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది, "దినాలయ్యేదాకా మనింట్లో పెనం ఎక్కించకూడదు కదమ్మా. యాడన్నా చేయించినా అది చల్లారిపోతాది. పెద్దదినం అయినాక నువ్వే చేసి పెడుదువులే."

"ఆకలైతాందని అడిగి పోయినాడు వదినా. పెద్దదినం దాకా ఆయన్ను ఆకలితో ఉండమంటావా?"

"ఆచారం కదే..."

"ఆచారానికి ఆకలేస్తాదా?"

ఆమెను అనాలని కాదు. ఆమె తమ్ముడే కదా పోయింది. నాకు నోరు ఆగలేదు, అంతే. లేచి పెరట్లోకి పోయి గ్యాసు సిలిండరు దొర్లించుకుంటా లోపలికి తెచ్చినా. ఒక్కరు గూడా సాయం రాలేదు, ఒక్కరు గూడా అడ్డం రాలేదు. గొట్టం తగిలిచ్చినా. ఇనప పెనం పొయ్యిమీద పెట్టినా. కరెంటు ఉండాది, ఫ్యాను తిరుగుతాండాది. గాలి మిషను మాత్రం ఒక మూలకు జరిపి గుడ్డ కప్పినారు. ఆక్సిజను సిలిండరు తీసుకుపోయినారు. ఇంక ఇంట్లో మంటకు భయపడాల్సిన పనే లేదు. ఎంత పెద్దదైనా పెట్టుకోవచ్చు.

పిండి కలిపినా. తట్టినా. వదినె వాకిలికి ఆనుకోని నిలబడి, కొంగు నోట్లో కుక్కుకోని చూస్తాండాది. పెనం మీదేసి, తడిగుడ్డతో తుడిచి, తిప్పి, మంటమీద పెట్టినా. పొంగింది. ఏ పక్కా చిల్లి పడకుండా, గుండ్రంగా, నా జన్మలో ఎప్పుడూ రానంత బాగా పొంగింది.

చల్లారకముందే ఇయ్యాల అన్న తొందర తప్ప నాకింకేమీ తోచలేదు. విస్తరి పెరట్లో ఉండాది, కాకులు గోడమీద ఉండాయి. నేను మాత్రం రొట్టె రెండు చేతుల్లోకి తీసుకోని నడిమింట్లోకి పరిగెత్తినా.

"ఇందా బావా, పొంగింది చూడు" అన్నా.

మంచం ఎత్తేసినారు. ఆడ జంపఖానా పరిచి చుట్టాలు కూర్చోనుండారు. అందరూ తలెత్తి నా పక్క చూసినారు. చేతిలో రొట్టె కాలతాండాది. దాన్ని ఎవరికియ్యాలో నాకు తెలియలేదు.